పచ్చి అరటికాయకు తీపి ఎక్కడి నుంచి వస్తుంది?

చెట్టు నుంచి కోసిన గెలకు ఇక నీరందదు, ఎరువందదు. అయినా కొట్లో నాలుగు రోజులుంచితే వగరుకాయ కాస్తా తియ్యటి పండవుతుంది. ఎలా?

తీపికి కావలసిన సరుకంతా కాయలోనే ఉంది, పిండి రూపంలో. పచ్చికాయ గుజ్జు బరువులో దాదాపు ఐదో వంతు పిండి పదార్థమే. గ్లూకోజ్ అణువులు వేల సంఖ్యలో గొలుసుకడితే పిండి అవుతుంది. అంత పెద్ద అణువులో తీపి నాలుకకు తెలియదు. కాయ మాగేటప్పుడు అమైలేజ్ వంటి ఎంజైములు ఆ గొలుసులను తెంచుతాయి. క్రమంగా సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పోగవుతాయి. బాగా మాగిన పండులో పిండి ఒకటి రెండు శాతమే మిగులుతుంది. అందుకే అరటిపండులో ఏముందని ఎవరైనా అడిగితే, ఎంత మాగిన పండులో అని ముందు తేల్చుకోవాలి. నీరు మాత్రం ముప్పావు వంతు ఉంటుంది. 100 గ్రాముల గుజ్జులో సుమారు 350 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మాగినంత మాత్రాన ఇవి పెద్దగా మారవు.

మరి వగరు ఏమైంది? వగరుకు కారణం టానిన్లు. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేస్తాయి, అందుకే నోరు పిడచకట్టినట్టుంటుంది. మాగేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి కలిసి కరగని పెద్ద అణువులవుతాయి, నాలుక జోలికి రావు. కూరకు కాయ తరిగినప్పుడు చేతులు, ముక్కలు నల్లబడేది కూడా ఈ కుటుంబానికి చెందిన పదార్థాల వల్లే. గాలి తగలగానే ఒక ఎంజైము వాటిని నల్లగా మార్చేస్తుంది. పులుపు ఆ ఎంజైమును మందగింపజేస్తుంది కనుకనే తరిగిన ముక్కలను మజ్జిగ నీళ్లలో వేస్తారు. ఎంత తెలివైన అలవాటు!

మాగడాన్ని మొదలుపెట్టేది ఇథిలీన్ అనే వాయువు. కాయే దాన్ని తయారుచేసుకుంటుంది. ఒక పండు వదిలిన ఇథిలీన్ పక్క కాయలనూ మాగిస్తుంది. గెలలను మూసిన గదిలో పెట్టి పొగబెట్టే పాత పద్ధతి ఫలించేది కూడా పొగలో కొంత ఇథిలీన్ ఉండడం వల్లే.

కాయలను మాగించడానికి కొందరు వాడే కార్బైడ్ సంగతి వేరు. తేమ తగిలితే దాని నుంచి ఎసిటిలీన్ వస్తుంది. అది ఇథిలీన్‌లా పనిచేసి కాయను మాగిస్తుంది, నిజమే. కానీ మార్కెట్లో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉండొచ్చు. అందుకే పండ్లకు దాన్ని వాడడం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువును మాత్రం 100 పీపీఎం వరకు అనుమతించారు. ఈ రెండింటినీ ‘మందు పెట్టిన పండ్లు’ అని ఒకే గాటన కట్టడం సరికాదు. ఇథిలీన్ పండు తనంతట తాను చేసుకునేదే, కార్బైడ్ విషం అంటుకునే ప్రమాదమున్నది.

రంగును చూసి మోసపోకూడదు కూడా. తొక్కలో పసుపు మొదటి నుంచీ ఉంటుంది, దాన్ని కమ్మేసిన పత్రహరితం పోగానే బయటపడుతుంది. ఒక్కోసారి తొక్క పసుపెక్కినా లోపల పిండి ఇంకా విడిపోయి ఉండదు. అలాంటి పండు చప్పగా, గట్టిగా ఉంటుంది, వాసనా రాదు. అరటిపండు వాసనకు ముఖ్యమైన ఐసోఅమైల్ ఎసిటేట్ బాగా మాగినప్పుడే తయారవుతుంది.

పచ్చిగా ఉన్నప్పుడే ఫ్రిజ్‌లో పెట్టకండి. సుమారు 13 డిగ్రీల కన్నా చల్లబడితే తొక్కలోని కణాలు దెబ్బతిని నల్లబడతాయి, కాయ సరిగా మాగదు. పండాక పెడితే తొక్క నల్లబడినా గుజ్జు రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది.