పల్లెకు తగిన ఫోను

నడిరేయి బిడ్డకు జ్వరము వచ్చినపుడు ఫోను పలుకకున్న తల్లి యేమి చేయగలదు? అమెరికా పల్లెలలో నివసించు మనవారు దీనిని ముందుగా విచారింపవలెను.

ఆ దేశమున వెరిజాన్, ఏటీఅండ్‌టీ, టీ-మొబైల్ అను మూడు పెద్ద సంస్థలు గలవు. చౌక సంస్థలనేకములు వాని టవర్లనే అద్దెకు వాడుకొనును. కావున పేరును బట్టిగాక, మీ యింటియొద్ద ఏ టవరు అందునో చూడుడు. సంస్థల పటములు చూచినను పొరుగువారిని తప్పక అడుగుడు.

600, 700 మెగాహెర్ట్జ్ తరంగములు దూరము పోవును, గోడలను చొచ్చును. మీరెన్నుకొను సంస్థ వాడు అట్టి తరంగములను ఫోను గ్రహించునో లేదో కనుగొనుడు. 2022లో ఆ మూడు సంస్థలును మూడవ తరము సేవను నిలిపినందున పాత ఫోనులనేకములు మూగవైనవి.

టవరు అందని యింట వైఫై యున్నయెడల దానిమీదను మాటలాడవచ్చును. ఈ వసతి గల ఫోనునే కొనుడు.