సంఘాన్ని దించే ఓటు

2023 డిసెంబరు 27. ఉదయం ఏడింటికి సింగరేణి గనుల దగ్గర పోలింగ్ మొదలైంది. కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా పదకొండు ఏరియాలు. ఓటర్లు 39,773 మంది. సాయంత్రం అయిదింటికి పెట్టెలు మూసే సరికి నూటికి 94 మంది ఓటేశారు! అంతకు నెల కిందటే అసెంబ్లీ ఎన్నికలు జరిగితే హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా బూత్ మొహం చూడలేదు. మరి బొగ్గుబాయి కార్మికుడికి ఈ ఓటంటే ఎందుకంత పట్టుదల?

ఎందుకంటే తన తరఫున యాజమాన్యం ముందు కూర్చునే సంఘాన్ని కుర్చీలోంచి దించడానికి అతని చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే.

ఒకప్పుడు ఇది కూడా లేదు. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు. సంఘాలు లెక్కకు మించి ఉండేవి. ఏ సంఘంతో మాట్లాడాలో యాజమాన్యానికి తెలిసేది కాదు. ఎవరి మాట వినాలో కార్మికుడికీ తెలిసేది కాదు. ఒక గనిలో ఒకరు సమ్మె అంటే పక్క గనిలో మరొకరు అనేవారు. అలా ఏడాదికి వందల సమ్మెలు. నష్టాలు పెరిగిపోయి, సంస్థ రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. ఆ గొడవలోంచి పుట్టిందే గుర్తింపు సంఘం ఎన్నిక. 1998 సెప్టెంబరులో మొదటిసారి రహస్య బ్యాలెట్ పెట్టారు. నిర్వహించేది కేంద్ర కార్మిక శాఖ.

ఎవరు గెలిస్తే ఏమిటి?

ఓటు ఒకటే, లెక్క మాత్రం రెండు రకాలు. మొత్తం సంస్థలో ఎక్కువ ఓట్లు వచ్చిన సంఘానికి గుర్తింపు దక్కుతుంది. ఒక్కో ఏరియాలో గెలిచిన సంఘం అక్కడ ప్రాతినిధ్య సంఘం అవుతుంది. స్ట్రక్చర్డ్ సమావేశాల్లో డైరెక్టర్ల ఎదుట కూర్చుని ఒప్పందాలపై సంతకం పెట్టేది గుర్తింపు సంఘమే. క్వార్టర్లు, బదిలీలు, ఆసుపత్రి, క్యాంటీన్, లాభాల్లో వాటా... కార్మికుడి ఇంటి గుమ్మం దాకా వచ్చే విషయాలన్నీ అక్కడే తేలతాయి. అసలు జీతం మాత్రం అక్కడ తేలదు. అది జాతీయ స్థాయిలో జేబీసీసీఐ తేల్చాలి.

మధ్యలో సంఘం మీద మనసు విరిగితే? కార్మికుడు సభ్యత్వం మానుకోవచ్చు, వేరే జెండా పట్టుకోవచ్చు. అయినా సంతకం పెట్టే హక్కు పాత సంఘానిదే. మళ్లీ ఎన్నిక వచ్చేదాకా ఆగాల్సిందే!

వచ్చిన ప్రతిసారీ కార్మికుడు మొహమాటపడింది లేదు. 1998లో, 2001లో ఏఐటీయూసీని గెలిపించాడు. 2003లో దాన్ని దించి ఐఎన్‌టీయూసీని ఎక్కించాడు. 2007లో మళ్లీ ఏఐటీయూసీ. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న 2012లో ఆ వేడి గనుల్లోకీ దిగింది. తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం, అదే టీబీజీకేఎస్, గెలిచింది. 2017 అక్టోబరులో వారసత్వ ఉద్యోగాల ఆశ మీద ఆ సంఘమే 23 వేలకు పైగా ఓట్లతో రెండోసారి నెగ్గింది.

అక్కడే చిక్కొచ్చింది. కాలపరిమితి రెండేళ్లా, నాలుగేళ్లా అన్న వివాదం మొదలైంది. రెండేళ్లూ అయిపోయాయి, నాలుగేళ్లూ అయిపోయాయి. ఎన్నిక మాత్రం రాలేదు. చివరికి హైకోర్టు దాకా వెళ్లింది. 2023 అక్టోబరు 28న జరగాల్సిన పోలింగ్ అసెంబ్లీ ఎన్నికల కారణంగా డిసెంబరు 27కి జరిగింది. ఇంకా వెనక్కి నెట్టాలన్న ప్రయత్నాన్ని కోర్టు ఒప్పుకోలేదు. కార్మికుడు ఓటు కోసం ఆరేళ్లకు పైగా ఎదురుచూశాడన్నమాట. ఓటు హక్కు ఉండటం వేరు, ఓటు రోజు రావడం వేరు!

ఫలితం ఎలా ఉందంటే... ఆరేళ్ల కింద 23 వేలు తెచ్చుకున్న సంఘానికి రెండు వేల ఓట్లు కూడా పడలేదు. రాష్ట్రంలో అప్పుడే కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది కాబట్టి దాని అనుబంధ సంఘం ఐఎన్‌టీయూసీకి తిరుగుండదని చాలామంది అనుకున్నారు. ఆ సంఘం కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి సహా ఆరు ఏరియాలు గెలుచుకుంది కూడా. అయినా గుర్తింపు దక్కలేదు. ఓటర్లు ఎక్కువగా ఉన్న శ్రీరాంపూర్ ఏఐటీయూసీ వైపు మొగ్గింది. అయిదు ఏరియాలే గెలిచినా, మొత్తం మీద 1,999 ఓట్ల ఆధిక్యంతో ఏఐటీయూసీ నెగ్గింది.

ఓటు లేకుండానే...

ఆర్టీసీ కార్మికుల అనుభవం మరోలా ఉంది. తెలంగాణ ఆర్టీసీలో 2016లో టీఎంయూ గెలిచింది. 2018లో గడువు ముగిసింది. 2019 అక్టోబరు, నవంబరుల్లో 52 రోజుల సమ్మె నడిచింది. అది ముగిశాక డిసెంబరు 1న కార్మికులతో సమావేశమైన ముఖ్యమంత్రి కేసీఆర్, రెండేళ్లపాటు యూనియన్లు వద్దన్నారు. వాటికి బదులు డిపోల్లో సంక్షేమ కమిటీలు వచ్చాయి. అక్కడ సంఘాన్ని పక్కన పెట్టింది కార్మికుడి ఓటు కాదు.

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే ఎన్నిక కోసం ఊరికే ఎదురుచూడక్కర్లేదు. నూటికి 30 మంది సంతకాలు పెట్టి అడిగితే, నిర్ణీత గడువుల్లో, 'ఈ సంఘం మాకొద్దు' అనడానికే రహస్య ఓటింగ్ పెడతారు. అదే దేశంలో విస్కాన్సిన్ రాష్ట్రం 2011లో మరీ విచిత్రమైన చట్టం తెచ్చింది. చాలా సంఘాలు ఏటా మళ్లీ గెలవాలి. అదీ ఓటేసిన వాళ్లలో కాదు, మొత్తం ఉద్యోగుల్లో 51 శాతం మద్దతుతో. ఇంట్లో కూర్చున్నవాడి ఓటు కూడా వ్యతిరేకమే!

ఆ 51 అంకె ఇప్పుడు మన దగ్గరికీ వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, సంస్థలో ఒకటికి మించి సంఘాలున్నప్పుడు మస్టర్ రోల్‌లో ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న సంఘమే ఒంటరిగా చర్చలకు కూర్చుంటుంది. ఎవరికీ అంత బలం లేకపోతే, 20 శాతం దాటిన సంఘాలన్నీ కలిసి ఒక మండలి. ఒక్కో 20 శాతానికి ఒక్కో ప్రతినిధి. 2023లో ఏఐటీయూసీకి వచ్చినవి 16 వేలకు పైగా ఓట్లు. ఐఎన్‌టీయూసీకి 14 వేలకు పైగా. మొత్తం ఓటర్లతో లెక్కేస్తే ఒకరికి 40 శాతం, మరొకరికి 35. ఈ లెక్కలో అయితే ఆ రాత్రి ఓడిన సంఘం కూడా బయటికి వెళ్లేది కాదు. గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లు.