నీళ్లు నిండితే చాలదు, గాలి పోవాలి

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలు ఉన్నవాళ్లకు తెల్లవారుజాము భయం కొత్త కాదు. పగలు నీటిలోని పాచి ఎండకు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి అదే పాచి, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ఆ ప్రాణవాయువును వాడేసుకుంటాయి. సూర్యోదయానికి ముందు అది బాగా అడుగంటుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవడం రైతు లెక్క. 2009లో వెనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక గుంటల్లో రొయ్య పిల్లల సాంద్రత పెరిగింది, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే తట్టుకునే వ్యవధి తగ్గింది. కరెంటు పోయిన రాత్రి గట్టు మీది డీజిల్ జనరేటరే దిక్కు.

ఆ జనరేటర్ ఏ కారణంతో ఆగినా నష్టం ఒకటే. వాటిలో ఒక కారణం మాత్రం తేలిగ్గా తప్పించగలిగినదే అయినా మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. హోస్ పైపు మార్చారు, లేదా రేడియేటర్ విప్పి కడిగించారు. మళ్లీ బిగించి మూతి దాకా నీళ్లు పోశారు. స్టార్ట్ చేస్తే బాగానే ఉంది. లోడ్ పడిన అరగంటకు వేడెక్కి ఆగిపోయింది. రేడియేటర్ బాగాలేదనో, వాటర్ పంపు పోయిందనో వాటిని మార్చేస్తారు. చాలాసార్లు అసలు దోషం లోపల మిగిలిన గాలిది.

బోరు మోటారు గాలి పడితే నీళ్లు ఎత్తదని పొలం ఉన్న ప్రతివారికీ తెలుసు. ఇంజిన్ వాటర్ పంపు కూడా అంతే. దాని రెక్కలు నీటిని నెట్టగలవు, గాలిని నెట్టలేవు. గాలి ముద్ద పంపు దగ్గరకు చేరితే ప్రవాహం నిలుస్తుంది. సిలిండర్ హెడ్‌లో చేరితే ఇంకా ప్రమాదం. గాలికంటే నీరు వేడిని 20 రెట్లకు పైగా బాగా ప్రసరింపజేస్తుంది. ఒకే పరిమాణంలో మోసుకుపోయే వేడి చూస్తే తేడా వేల రెట్లు. అందుకే గాలి ఆనుకున్న చోట లోహం ఒక్కసారిగా కాగిపోతుంది, చుట్టూ ఉన్న నీరు ఆవిరై ఆ ముద్దను ఇంకా పెంచుతుంది. హెడ్ వంగడం, గ్యాస్కెట్ పోవడం ఇలాగే మొదలవుతాయి.

మీటర్ చూస్తున్నాం కదా అని ధీమా పడకూడదు. ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ నీటిలో మునిగి ఉంటేనే సరిగా చెబుతుంది. దాని కొన చుట్టూ గాలి ఉంటే హెడ్ ఉడుకుతున్నా ముల్లు మామూలుగానే ఉండవచ్చు. వేడెక్కితే ఇంజిన్‌ను ఆపాల్సిన రక్షణ ఏర్పాటు కూడా అప్పుడు మోసపోతుంది. ముల్లు ఉన్నట్టుండి లేచి, ఉన్నట్టుండి పడిపోతున్నా, రేడియేటర్‌లో గుడగుడ వినిపిస్తున్నా, ఇంజిన్ బాగా కాగాక కూడా పై హోస్ కాలుతూ కింది హోస్ చల్లగా ఉన్నా గాలిని అనుమానించాలి.

ఇంత గాలి ఎక్కడ దాక్కుంటుంది? థర్మోస్టాట్ దాదాపు 82 డిగ్రీలు వచ్చేదాకా మూసుకునే ఉంటుంది. చల్లని ఇంజిన్‌లో నీళ్లు పోస్తే దాని వెనక గాలి ఇరుక్కుంటుంది. అందుకే చాలా థర్మోస్టాట్లలో ఒక సన్న రంధ్రం, అందులో కదిలే చిన్న పిన్ను ఉంటాయి. నిలువుగా కూర్చునే థర్మోస్టాట్ అయితే ఆ రంధ్రం పైవైపు ఉండేలా బిగించాలి. తలకిందులుగా బిగిస్తే గాలికి దారి లేదు. థర్మోస్టాట్ గూడు మీదనో పైపు వంపు మీదనో ఉండే చిన్న ఇత్తడి మరను బ్లీడర్ అంటారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని రెండు చుట్లు వదులు చేసి నెమ్మదిగా నీళ్లు పోస్తే ముందు బుస్సుమని గాలి, తర్వాత నురగ, చివరికి తెగకుండా నీటి ధార వస్తాయి. ధార వచ్చాకే బిగించాలి. బకెట్ కుమ్మరించినట్టు పోస్తే గాలి కూడా నీటితో పాటే లోపలికి పోతుంది.

ఇక్కడ మన గట్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. బ్లీడర్ పనిచేసేది అది అన్నిటికంటే ఎత్తున ఉన్నప్పుడే. మెత్తటి మట్టి గట్టు మీద బరువైన జనరేటర్ పునాది ఒక పక్కకు దిగితే, కంపెనీ పెట్టిన ఎత్తు ఇక ఎత్తు కాదు. గాలి వేరే మూలకు పోతుంది, బ్లీడర్ నుంచి నీళ్లే వస్తాయి, మనం పని అయిందనుకుంటాం. అందుకే ముందు పునాదిని రసమట్టంతో చూసుకోవాలి.

సూపర్‌ఛార్జర్ ఉన్న కార్లలో ఇదే సమస్య ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని సూపర్‌ఛార్జర్ రెట్టింపు ఒత్తిడికి నొక్కితే దాని వేడి 100 డిగ్రీలు దాటుతుంది. దాన్ని చల్లార్చడానికి కొన్ని కార్లలో విడిగా ఒక నీటి వలయం, ముందు భాగంలో ఒక హీట్ ఎక్స్ఛేంజర్, ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు ఉంటాయి. ఆ పంపు బలం తక్కువ. గాలి బుడగను కిందికి నెట్టే శక్తి దానికి లేదు. హీట్ ఎక్స్ఛేంజర్ మీద ఉన్న బ్లీడర్ మర చేతికి అందకపోవడం, దానికంటే ఎత్తున హోస్ వంపు ఉండడం వల్ల కొందరు యజమానులు గాలి తీసే ఏర్పాటునే మార్పించుకుంటారు.

ఆ మార్పే జనరేటర్‌కూ పనికొస్తుంది. మరను నమ్ముకోకుండా అత్యంత ఎత్తైన చోట ఒక టీ జాయింటు వేసి, అక్కణ్ణుంచి 6 మిల్లీమీటర్ల సన్న హోస్‌ను, నీరు వ్యాకోచిస్తే చేరే ఎక్స్‌పాన్షన్ ట్యాంకుకు నిరంతరం పైకే ఎక్కేలా తీసుకెళ్లాలి. మధ్యలో ఒక్క దిగుడు ఉన్నా అక్కడ నీళ్లు నిలిచి దారి మూసేస్తాయి. హోస్ ట్యాంకులో నీటి మట్టానికి పైన కలవాలి. ట్యాంకు అడుగు నుంచి మరో లావు హోస్ పంపు పీల్చే వైపు వెళ్లాలి. ట్యాంకు మొత్తం వలయంకన్నా ఎత్తున ఉండాలి. ఒత్తిడి మూత ట్యాంకు మీద ఉండాలి, ట్యాంకు ఆ ఒత్తిడికి తట్టుకునే రకం కావాలి. గాలి తీసే ఆ సన్న హోస్ మరీ లావైతే నీరు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరుగుతుంది. ఇలా చేస్తే గాలి ఇంజిన్ నడుస్తుండగానే దానంతట అదే పోతూ ఉంటుంది, ఎవరూ గుర్తుపెట్టుకుని తీయనక్కర్లేదు. నా మటుకు మరకంటే ఈ ఏర్పాటే మేలు. అర్ధరాత్రి గట్టు మీద ఉండే కాపలా మనిషి చేతిలో రెంచి పెట్టి బాధ్యత అప్పగించడం న్యాయం కాదు.

ఇంజిన్ కాగి ఉన్నప్పుడు ఒత్తిడి మూత మాత్రం ఎన్నడూ తీయకూడదు. ఒక బార్ అదనపు ఒత్తిడిలో నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

తీరంలో నీటి విషయం కూడా చెప్పాలి. ఉప్పు, గట్టిదనం ఉన్న బోరు నీళ్లు పోస్తే లోపల పొలుసు కడుతుంది, అల్యూమినియం తినుకుపోతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో కూలెంట్ కలిపి పోయాలి. దింపిన పాత కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది విషం. గుంటలోకీ కాలువలోకీ వదలకూడదు.

గాలి తీశాక అరగంట లోడ్ మీద నడిపి, పూర్తిగా చల్లారాక మట్టం చూడాలి. మొదటిసారి కాస్త తగ్గడం సహజం, నింపితే సరి. మూడో రోజుకూ తగ్గుతూనే ఉంటే, ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే అది నింపేటప్పుడు మిగిలిన గాలి కాదు. పంపు పీల్చే వైపు క్లిప్పు వదులై గాలి లాగుతుండవచ్చు, లేదా హెడ్ గ్యాస్కెట్ పోయి సిలిండర్‌లోని పొగ నీటిలోకి దూరుతుండవచ్చు. అప్పుడు బ్లీడర్‌తో కుస్తీ పట్టకుండా మెకానిక్‌తో హెడ్ పరీక్ష చేయించాలి, అదీ తర్వాతి పంట పిల్లలను వదలకముందే.