అరణ్యంలో ఆగిన కలం

భర్తృహరి మనుష్యులను మూడు తెగలుగా విభజించినాడు. విఘ్నాలకు జడిసి పని మొదలే పెట్టనివారు ఒక తెగ. మొదలుపెట్టి, అడ్డంకి రాగానే విడిచిపెట్టేవారు రెండవ తెగ. ఎన్ని అడ్డంకులు వచ్చినా కడముట్టించేవారు మూడవ తెగ. ఈ సంగతి తరగతిలో చెప్పని తెలుగు ఉపాధ్యాయుడు ఉండడు. కాని మన సాహిత్య చరిత్రను శ్రద్ధగా చదివితే నాల్గవ తెగ ఒకటి కనిపిస్తుంది. నడుమ నిలిచిపోయిన పనిని ఏండ్లు గడిచిన పిమ్మట మరల చేపట్టినవారు ఆ తెగవారు. తెలుగువారి మహాగ్రంథాలలో కొన్ని వారి చలవవల్లనే మనకు దక్కినవి.

ఉపాధ్యాయులలో రచనాభిలాష కలవారు తక్కువ కాదు. వారి పెట్టెల అడుగున సగం నిండిన నోటుపుస్తకాలూ తక్కువ కాదు. యాకుత్‌పురాలో కాపురమున్న ఒక తెలుగు మాస్టరును ఊహించుకొందాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తిన వృత్తాంతాన్ని పాతబస్తీ పెద్దలు చెప్పుకొనగా విని, దానిని నవలగా వ్రాయ సంకల్పించినాడు. నాలుగు ప్రకరణాలు చకచక సాగినవి. అయిదవ ప్రకరణంలో వరద రావలె. అక్కడ కలం ఆగింది. పరీక్షపత్రాలు, బదిలీలు, ఇంట పెండ్లిండ్లు. చూస్తూ ఉండగానే పదేండ్లు గడిచినవి. యాకుత్‌పురా స్టేషనులో లోకల్ రైలు ఎక్కి, మలక్‌పేట దాటి మూసీ వంతెన మీదికి వచ్చినప్పుడెల్లా ఆ నవల జ్ఞాపకం వస్తుంది. కాచిగూడలో దిగేసరికి మరుపున పడుతుంది. తీరిక లేక ఆగిందని ఆయన అనుకొంటాడు. కాని సెలవులలో తీరిక దొరికినప్పుడు కూడ ఆ పుస్తకం తెరవలేదే! లోపించినది తీరిక కాదు. మరల లోపలికి పోయే త్రోవ.

ఆ త్రోవ చూపటానికి ఆంధ్ర మహాభారతాన్ని మించిన ఉదాహరణ లేదు. 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ ఆ మహాకార్యానికి పూనుకొన్నాడు. ఆది, సభా పర్వాలు ముగించి, అరణ్యపర్వం నాల్గవ ఆశ్వాసంలో శరదృతువును వర్ణించేచోట ఆయన రచన ఆగిపోయింది. సుమారు రెండు శతాబ్దాల తరువాత గాని తిక్కన రాలేదు. ఈలోగా ఏమైనది? ఆగిన పని చుట్టూ భయం పెరిగింది. అరణ్యపర్వాన్ని ముట్టినవానికి కీడు మూడుతుందనే మాట లోకంలో పుట్టింది. పండితులు దానిని నమ్మకపోవచ్చు. కాని ఆ మాట పుట్టిన తీరులో ఒక సత్యమున్నది. ఏ పనియైనా చాలకాలం ఆగితే దానికొక దయ్యం పట్టుకొంటుంది. మన నోటుపుస్తకానికి పట్టిన దయ్యం కూడ అటువంటిదే. అది ప్రతి ఏడూ కొంత బలుస్తుంది.

తిక్కన ఏమి చేసినాడు? నన్నయ విడిచిన పద్యం దగ్గర మొదలుపెట్టలేదు. అరణ్యపర్వ శేషాన్ని అట్లే ఉంచి, విరాటపర్వం నుండి ఆరంభించి 15 పర్వాలు రచించినాడు. ఆయన ఎందుకట్లు చేసినాడని పండితులు పలువిధాల చెప్పుతారు. కారణం ఏదైనా కానీ, మనకు కావలసిన పాఠం స్పష్టమే: ఆగినచోటనే మొదలుపెట్టవలెనన్న నియమం లేదు. కథలో తన శక్తికి, తన ఇష్టానికి తగిన తావు ఎక్కడ ఉన్నదో అక్కడ ప్రవేశించవచ్చు. మిగిలిన ఖాళీ తన వంతు వచ్చేదాక కాచుకొని ఉంటుంది.

ఆ ఖాళీని పూరించినవాడు 14వ శతాబ్దివాడైన ఎఱ్ఱన. ఆయన పద్ధతి వేరు. తన పూరణను నన్నయ రచనగానే నడిపి, రాజరాజనరేంద్రునికే అంకితం చేసినాడు. ఆయన శైలి మొదట నన్నయను తలపిస్తూ, పోను పోను తిక్కనకు దగ్గరవుతుందని విమర్శకులు గుర్తించినారు. పదేండ్ల కిందటి వ్రాతప్రతిని చేపట్టేవాడు ఈ వినయాన్ని నేర్చుకోవలె. ఆ పుటలు వ్రాసిన మనిషి నేటి మనిషి కాడు; అతడు మనకొక నన్నయ. ముందుగా అతని గొంతు చెవిన పడేదాక చదవవలె. దిద్దటానికి తొందరపడరాదు.

దిద్దటానికీ ఒక వేళ ఉన్నది. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. మరొకరైతే అంతటితో తృప్తిపడేవారు. ఆయన ఆ నాటకాన్ని మరల విప్పి, మధురవాణి పాత్రను పెంచి, దాదాపు కొత్త కృతిగా 1909లో వెలువరించినారు. నేడు మనం చదివి మురిసేది ఆ రెండవ కూర్పునే. అదే గురజాడవారు ‘కొండుభట్టీయం’, ‘బిల్హణీయం’ అసంపూర్ణంగా విడిచి 1915లో కన్నుమూసినారు. కనుక పని ఆగటం ప్రతిభ లేమికి గుర్తు కాదు. కాలం మాత్రం ఎవరికోసమూ ఆగదు.

హైదరాబాదులోనే మరొక నిదర్శనం. తెలంగాణ ప్రజాజీవితాన్ని నవలలలో చిత్రించదలచి వట్టికోట ఆళ్వారుస్వామిగారు ‘ప్రజల మనిషి’ వ్రాసినారు. ‘గంగు’ పూర్తి కాకముందే 1961లో మరణించినారు. ఆ చరిత్రను దాశరథి రంగాచార్యగారు అందుకొని ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగు పూలు’, ‘జనపదం’ నవలలలో ముందుకు నడిపించినారు.

నన్నయకు తిక్కన, ఎఱ్ఱనలు దొరికినారు. ఆళ్వారుస్వామిగారికి రంగాచార్యగారు దొరికినారు. మన యాకుత్‌పురా మాస్టరుకు ఎవరు దొరుకుతారు? ఆయన పెట్టెలోని నోటుపుస్తకం సంగతి ఇంటివారికే సరిగా తెలియదు. ఆయన వ్రాయకపోతే ఆ నవల లేదు. తాను విన్న ఆ పెద్దల మాటలూ ఆయనతోనే పోతవి. ఈ ఒక్క ఆలోచన చాలు, కలం పట్టించటానికి.

ఉత్సాహం వచ్చినప్పుడు వ్రాయవచ్చునని కూర్చున్నవానికి అది రాదు. చేతితో నాలుగు పంక్తులు వ్రాసిన తరువాత అది వెనుకనుంచి వచ్చి చేరుకొంటుంది. కనుక ఆ మాస్టరు ఒక ఆదివారం నాలుగు ప్రకరణాలనూ పెదవి కదుపుతూ చదువుకోవలె. వరద రాత్రిని వర్ణించలేకపోతే దానిని అట్లే విడిచి, మరునాటి ఉదయం నుండి ఎత్తుకోవలె. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఆనాడు సుమారు 150 మందిని కాపాడిందని ప్రసిద్ధి. రాత్రంతా కొమ్మలను కరచుకొని ఉన్నవారిలో ఒకడు క్రిందికి దిగి, బురదలో అడుగుపెట్టి, తన ఇల్లు ఏ దిక్కున ఉండేదో వెదకుకొంటున్నాడు. అక్కడ మొదలుపెట్టవచ్చు. రోజుకొక పుట చాలు. అతడు ఇంటి జాడ కనుగొనేసరికి, ఆ రాత్రి ఏమి జరిగిందో రచయితకు తానే చెప్పుతాడు.