'ది థింగ్' క్లైమాక్స్ మిస్టరీ.. ఆఖర్లో మిగిలిన ఇద్దరిలో మనిషెవరు? 40 ఏళ్లు దాటినా ఆగని చర్చ!

లాక్‌డౌన్ టైమ్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి 'అమాంగ్ అస్' తెగ ఆడేశారా? మనలోనే ఒకడు దొంగ.. వాడెవడో కనిపెట్టాలి. ఆ ఐడియాకి 'మాఫియా' అనే పార్టీ గేమ్‌తో పాటు ఓ పాత హాలీవుడ్ సినిమా కూడా ప్రేరణ. అదే జాన్ కార్పెంటర్ తీసిన 'ది థింగ్' (1982). ఇంకా చూడకపోతే ముందు చూసి రండి.. ఎందుకంటే ఇక్కడ చెప్పుకునేదంతా క్లైమాక్స్ గురించే.

కథ సింపుల్. అంటార్కిటికాలో ఓ అమెరికన్ రీసెర్చ్ స్టేషన్.. అందులో 12 మంది. మంచులోంచి బయటపడిన ఓ గ్రహాంతర జీవి ఎవర్ని మింగితే అచ్చం వాళ్లలాగే మారిపోతుంది. మాట, నడక అన్నీ సేమ్. పక్కనోడు మనిషో కాదో తెలీదు. చివరికి స్టేషన్ మొత్తాన్ని పేల్చేస్తారు. మిగిలింది హీరో మెక్‌రెడీ (కర్ట్ రస్సెల్), అంతసేపూ కనిపించకుండా పోయి తిరిగొచ్చిన చైల్డ్స్ (కీత్ డేవిడ్). మంటల పక్కన కూర్చుంటారు.. ఒకే సీసాలో మందు తాగుతారు. అంతే, సినిమా అయిపోయింది!

చైల్డ్స్ మీదే డౌట్ ఎందుకు?

రక్త పరీక్షలో చైల్డ్స్ పాసయ్యాడు. అనుమానమంతా ఆ తర్వాత మాయమైన టైమ్ గురించే. తుఫానులో దారి తప్పానంటాడు.. సాక్షి లేడు. చివరి సీన్‌లో మెక్‌రెడీ నోట్లోంచి ఆవిరి బాగా కనిపిస్తుంది, చైల్డ్స్‌కి పెద్దగా కనిపించదు.. కాబట్టి అతను మనిషి కాదని కొందరి వాదన. ఇది నిలబడదు. ఇదే సినిమాలో రాక్షసిగా మారిన బెన్నింగ్స్ మంచులో అరుస్తుంటే నోట్లోంచి ఆవిరి వస్తుంది కదా!

సినిమాటోగ్రాఫర్ డీన్ కండీ ఇంకో క్లూ ఇచ్చారు. కొన్ని చోట్ల మనుషుల కళ్లలో చిన్న మెరుపు కనిపించేలా లైటింగ్ పెట్టామని చెప్పారు. దాంతో ఫ్యాన్స్ ఆ సీన్‌ని పాజ్ చేసి మరీ కళ్లు వెతకడం మొదలుపెట్టారు. ఇంకొందరు 2011లో వచ్చిన ప్రీక్వెల్‌ని ముందుకు తెస్తారు. ఆ జీవి లోహాన్ని కాపీ చేయలేదని అందులో చూపించారు. చైల్డ్స్ చెవి పోగు మాత్రం చివరిదాకా అలాగే ఉంది. మరి మనిషేనా? కానీ 29 ఏళ్ల తర్వాత వేరే టీమ్ పెట్టిన రూల్‌తో పాత సినిమాకి తీర్పు చెప్పడం.. నాకైతే ఒప్పుకోబుద్ధి కాలేదు.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ సీసానే. చిన్న కణం చాలు, మనిషి మొత్తం మారిపోతాడు, ఎవరి తిండి వాళ్లే వండుకోవాలి అని సినిమా మధ్యలోనే హెచ్చరిస్తారు. అలాంటిది మెక్‌రెడీ ఎంగిలి సీసా ఇస్తే చైల్డ్స్ ఆలోచించకుండా తాగేస్తాడు. అంటే అతను ఆ జీవి అయినా అయ్యుండాలి.. లేదా ఎలాగూ చచ్చిపోతాం కదా అని భయం వదిలేసిన మనిషైనా అయ్యుండాలి. ఇంకో లెక్క చూడండి. మంటలు ఆరితే మనిషికి చావు తప్పదు. ఆ జీవికి మాత్రం ఏమీ కాదు.. మళ్లీ గడ్డకట్టి, రెస్క్యూ టీమ్ వచ్చేదాకా నిద్రపోతుంది. అందుకే మెక్‌రెడీ కదలడు. ఇద్దరూ మనుషులే అయినా, కాపాడుకునే ప్రయత్నం చేస్తే ప్రపంచానికే రిస్క్. ఒకర్నొకరు నమ్మలేక ఇద్దరూ చలికి చచ్చిపోవాల్సిందే!

దీనికి తేలికైన ముగింపు కూడా షూట్ చేశారు. మెక్‌రెడీని కాపాడి, రక్త పరీక్షలో మనిషేనని తేల్చే సీన్ అది. కార్పెంటర్ దాన్ని వాడలేదు. 2002లో వచ్చిన వీడియో గేమ్‌లో చైల్డ్స్ గడ్డకట్టి చనిపోయి కనిపిస్తాడు.

అప్పట్లో తిట్లే తిట్లు

1982 జూన్ 25న రిలీజైంది. రెండు వారాల ముందే వచ్చిన స్పీల్‌బర్గ్ 'ఇ.టి.' ముద్దొచ్చే ఏలియన్‌తో థియేటర్లను ఊపేస్తోంది. అదే రోజు 'బ్లేడ్ రన్నర్' కూడా దిగింది. క్రిటిక్స్ ఉతికేశారు. కార్పెంటర్ చేతిలోంచి 'ఫైర్‌స్టార్టర్' సినిమా జారిపోయింది. ఎన్నియో మోరికోనే మ్యూజిక్‌కి చెత్త సంగీతమంటూ రాజీ నామినేషన్ ఇచ్చారు! విచిత్రం ఏంటంటే.. ఇందులో వాడకుండా వదిలేసిన ఆయన ట్యూన్లు కొన్ని టారంటినో 'ది హేట్‌ఫుల్ ఎయిట్'లో వినిపించాయి. ఆ సినిమాకే 2016లో మోరికోనేకి ఆస్కార్ వచ్చింది.

వీడియో క్యాసెట్లు, టీవీ పుణ్యమా అని సినిమా మెల్లగా కల్ట్ అయింది. దక్షిణ ధ్రువంలోని అమండ్‌సెన్-స్కాట్ స్టేషన్‌లో శీతాకాలం మొదలై ఆఖరి విమానం వెళ్లిపోయాక, మిగిలిన సిబ్బంది కలిసి ఈ సినిమా చూడటం ఓ ఆనవాయితీ. నెలల తరబడి ఎవరూ రారు.. ఎవరూ పోలేరు. అక్కడ కూర్చుని ఈ సినిమా చూడాలంటే గట్టి గుండె ఉండాలి!

ఇంతకీ రాక్షసి ఎవరు? కార్పెంటర్‌ని అడిగితే 'నాకు తెలుసు, కానీ చెప్పను' అంటారు.