పరుగుకు పన్నెండు రోజుల ముందు కాలు బెణికితే

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ దగ్గరపడుతోందంటే మా ఎముకల ఓపీలో కొత్త రకం రోగులు కనిపిస్తారు. జబ్బున్నవాళ్లు కాదు, నెలల తరబడి తెల్లవారుజామున లేచి పరుగెత్తినవాళ్లు. అలా వచ్చిన ఒక యువకుడి సంగతి చెబుతాం.

అతనికి అది మొదటి హాఫ్ మారథాన్, 21.1 కిలోమీటర్లు. పరుగుకు పన్నెండు రోజులుందనగా వానకు తడిసిన మెట్ల మీద కాలు మడతపడింది. చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు. నాయనమ్మ చింతపండు, ఉప్పు కలిపి పట్టు వేసింది. పక్కింటివారు బెణుకు తీయిద్దామన్నారు. పట్టు మరీ వేడిగా లేకపోతే నష్టమేమీ లేదు గాని, వాచిన కాలును లాగి తోమించుకోవడం మాత్రం వద్దు.

అతను అడిగింది ఒక్కటే. "ఒక సూది వేయండి డాక్టరుగారూ, పరుగెత్తేస్తాను."

ముందు ఎముక విరిగిందేమో చూశాం. 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు ఇందుకు తేలికైన పద్ధతి చెప్పారు. చీలమండకు రెండు వైపులా పొడుచుకొచ్చే ఎముకల వెనుక అంచున, పాదం మధ్యలో రెండు చోట్ల నొక్కి చూస్తాం. ఎముక మీదే నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. ఇతను కుంటుతూనే నడిచాడు, ఎముక మీద నొప్పి లేదు. ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ కాస్త సాగింది, అంతే.

మొదటి రెండు రోజులు క్రేప్ బ్యాండేజి కట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టుకోమన్నాం. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాల చొప్పున పెట్టుకోవచ్చు. ఐసు నొప్పిని తగ్గిస్తుంది గాని గాయాన్ని త్వరగా మాన్పదు. ఐసు, విశ్రాంతి అన్న సలహాను 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ కూడా తర్వాత తన మాట మార్చుకున్నారు. మూడో రోజు నుంచి నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడక మొదలుపెట్టాలి.

ఇక సూది సంగతి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు ముందు బ్రిటన్ పరుగుల రాణి పౌలా రాడ్‌క్లిఫ్ కాలికి దెబ్బ తగిలింది. అప్పటి మారథాన్ ప్రపంచ రికార్డు ఆమెదే. వాపు తగ్గించే మందులు ఎక్కువ మోతాదులో వాడవలసి వచ్చింది. అవి కడుపును పాడుచేసి, తిన్నది ఒంటబట్టనివ్వలేదు. ఆగస్టు 22న 36వ కిలోమీటరు దగ్గర పరుగు ఆపేసి, రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చింది. అదే నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు కడుపులో పుండ్లు చేస్తాయి. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందకుండా చేస్తాయి. పైగా నొప్పి తెలియనివ్వవు, తెలియకపోతే అదే కాలు మళ్లీ మడతపడుతుంది. పరుగు రోజున మందుల షాపులో కొని మింగేవారిని చూస్తే మాకు భయం.

"ఇన్ని నెలల కష్టం పోతుందేమో" అన్నాడతను. పోదు. పది రోజులు పరుగు మానితే ఒంట్లో దమ్ము పెద్దగా తగ్గదు. కాలిపై భారం పడని ఈత, సైకిలు ఉండనే ఉన్నాయి. రోజూ గోడ పక్కన ఒంటికాలిపై నిలబడటం నేర్పాం. ఇది చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది గాని, మళ్లీ బెణక్కుండా కాపాడేది ఇదే.

పదో రోజున మాత్ర లేకుండా అరగంట వేగంగా నడవమన్నాం, నడిచాడు. మెట్లు దిగాడు. దెబ్బ తగిలిన కాలితో పదిసార్లు గెంతమన్నాం. నాలుగోసారికే ముఖం ముడుచుకుంది. మేమేమీ అనలేదు, అతనే కుర్చీలో కూర్చున్నాడు.

పరుగు రోజున నీళ్లు అందించే బల్ల దగ్గర నిలబడ్డాడట. అక్టోబరులో మళ్లీ వచ్చాడు, ఈసారి నాయనమ్మ మోకాళ్ల నొప్పికి. ఆమెను లోపల పరీక్షిస్తుంటే, వరండాలో ఒంటికాలిపై నిలబడి ఉన్నాడు.