విదేశీ సాయం ఫలించిందా? లెక్క చూసే పద్ధతి



పోరాటాలతో దెబ్బతిన్న దేశాలకు, ప్రాంతాలకు బయటి సంస్థలు సాయం చేస్తుంటాయి. ఆ డబ్బు నిజంగా మేలు చేసిందా అని తేల్చడాన్నే మూల్యాంకనం అంటారు. దీనికి ఉదాహరణ మన జిల్లాల్లోనే ఉంది.

రోమ్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి (ఐఫాడ్) 2002లో ఒడిశా గిరిజన సాధికారత, జీవనోపాధి పథకాన్ని ఆమోదించింది. కొరాపుట్, రాయగడ సహా ఏడు జిల్లాల్లో సాగి, 2016లో అది ముగిసింది. బ్రిటన్ ప్రభుత్వం, ప్రపంచ ఆహార కార్యక్రమం కూడా చేయి కలిపాయి. ఐఫాడ్ ఇచ్చింది అప్పు. అప్పు తీర్చేది ప్రజల సొమ్ముతోనే కనుక లెక్క అడిగే హక్కు మనకుంది.

ఓఈసీడీ దేశాల సహాయ కమిటీ 1991లో ఐదు ప్రశ్నలు సూచించింది.

1. సాయం ప్రజల అవసరానికి తగినదేనా?
2. అనుకున్న లక్ష్యం నెరవేరిందా?
3. ఖర్చుకు తగ్గ పని జరిగిందా?
4. బతుకుల్లో మార్పు వచ్చిందా?
5. డబ్బు ఆగాక ఆ మేలు నిలిచిందా?

ఇతర పథకాలతో పొందిక ఉందా అన్న ఆరో ప్రశ్నను 2019లో చేర్చారు.

ఎన్ని చెక్‌డ్యాములు కట్టారన్నది పని లెక్క మాత్రమే. చోడి పంట పెరిగిందా, వలస తగ్గిందా అన్నది ఫలితం లెక్క. ఈ రెండింటినీ కలిపేస్తే కాగితం మీద విజయమే కనిపిస్తుంది. వానలు బాగా పడినా పంట పెరుగుతుంది. అందుకే పథకం లేని పొరుగు పల్లెతోనూ పోల్చి చూడాలి.

పోరాటాలున్న చోట ఈ పని మరింత కష్టం. 2004 ఫిబ్రవరిలో మావోయిస్టులు కొరాపుట్ పట్టణంలోని పోలీసు ఆయుధాగారంపైనే దాడి చేశారు. అలాంటి రోజుల్లో సర్వేకు వెళ్లేవారు రోడ్డు పక్క పల్లెలు చూసి తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. కొండ మీది ఊరు లెక్కలోకే రాదు. నలుగురి ఎదుట అడిగితే భయంతో "అంతా బాగుంది" అంటారు. కాబట్టి ఆడవారిని విడిగా, వారి సొంత భాషలో అడగాలి.

డిగ్రీ చదివే పిల్లలకు ఇలాంటి సర్వే పనులు దొరకవచ్చు. మీరు నింపే ఫారాన్ని బట్టే రేపటి డబ్బు ఏ ఊరికి చేరాలో నిర్ణయిస్తారు. ఊరికి వెళ్లకుండా నింపిన ఒక్క ఫారం ఒక పేద కుటుంబం నోటి దగ్గర కూడు తీసేయగలదు. తెలుగు, ఒడియా మీకు ఎలాగూ వచ్చు. కువి గానీ దేశియా గానీ నేర్చుకోండి. పరాయివారికి చెప్పని మాట మీతో చెబుతారు.